ముల్లులో చేరిన సీసం

"రోజంతా ల్యాబులో చేపలు కోసేదానివి, ఇంట్లో రెండు చేపలు కోయడానికి ఏం మాయరోగం?" అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా. పొలుసు అంటిన చేత్తోనే నుదురు తుడుచుకున్నాను. అక్కడ దాన్ని ఉద్యోగం అంటారండీ అని నోటిదాకా వచ్చింది. "మా కోడలు చదువుకున్న పనిమనిషి" అని అత్తగారు పక్కింటావిడతో నవ్వుతూ అన్న మాట గుర్తొచ్చి, విసుగు మింగి మళ్ళీ కత్తి పట్టుకున్నాను.

ఆ వారం బ్యాటరీల ఫ్యాక్టరీ కాలువ కలిసే చెరువులోంచి ల్యాబుకు తెచ్చిన పిల్లచేపలకు వెన్ను వంకర తిరిగింది, తోకలు నల్లబడ్డాయి. మొప్పల మీద జిగురు పేరుకుపోయి, నీళ్ళలో గాలి ఉన్నా పీల్చుకోలేక పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి పాపం. ఇంత కళ్ళెదుట కనిపిస్తుంటే మా పెద్దసారు కండ ఒక్కటే పరీక్ష చేయమన్నారు. సీసం కండలో కాస్తే ఉంటుంది, ముల్లులోనే మూటకట్టుకుంటుంది. ఆయనకు తెలియకనా! సెలవురోజు వెళ్ళి తలలూ ముళ్ళూ విడిగా పరీక్షించాను. కండలో ఉన్నదానికి పదకొండు రెట్లుంది. కాగితం ముందు పెడితే, "చెత్తబుట్టలో పడేవాటికి పరీక్షలేంటమ్మా? నీ వంటింటి తెలివి ఇక్కడ చూపించకు" అన్నారు.

కాలువ మూయాలా వద్దా అని తేల్చడానికి కాలుష్య నియంత్రణ అధికారి పెట్టిన విచారణకు హాలు కిక్కిరిసింది. ఆ చెరువు చేపలు తినే ఇళ్ళవాళ్ళంతా వచ్చారు, వెనకవరసలో మా ఆయన, అత్తగారు కూడా. "కండలో సీసం పరిమితి లోపే ఉంది" అని పెద్దసారు చదివి కూర్చోగానే నేను లేచాను. తలల సంగతీ ముళ్ళ సంగతీ అంకెలతో సహా చెప్పేశాను.

"అవెవరు తింటారమ్మా?" అని ఫ్యాక్టరీ మేనేజరు నవ్వాడు. మగవాళ్ళు చాలామంది నవ్వారు.

"నేను తింటాను. పదిహేనేళ్ళుగా తింటున్నాను. నడిమి ముక్కలు మామగారికీ, మా ఆయనకీ, పిల్లలకీ వేశాక గిన్నెలో మిగిలేవి అవే. ముల్లు కూడా వదలకుండా నమిలి పీలుస్తాను. ఇంకెవరు తింటారో మీరే అడగండి."

చంటిబిడ్డ తల్లి ఒకామె చెయ్యెత్తింది. తర్వాత చేపలమ్మే ఆవిడ. ఆ తర్వాత లెక్కపెట్టలేకపోయాను, అన్నీ ఆడవాళ్ళ చేతులే. అత్తగారైతే ఏకంగా లేచి నిలబడి, "నలభై ఏళ్ళు తిన్నాను నాయనా, రాసుకో!" అన్నారు. మా ఆయన తల్లి వంకా నా వంకా చూసి తల దించుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

అధికారి నా కాగితం తీసుకుని, "దీనిమీద సంతకం లేదే?" అన్నారు.

"ఇలా తే, పెడతాను" అన్నారు పెద్దసారు, ఎన్నడూ లేనంత మెత్తగా.

"అక్కర్లేదండీ, పరీక్ష చేసింది నేను" అని సంతకం పెట్టాను. దాని కిందే అధికారి రాశారు: కాలువ ఈరోజే మూసేయాలి.