తిన్నగా వచ్చిన మడత

దుప్పట్ల గదిలో నన్నూ మా అమ్మాయినీ నిచ్చెనలు అంటారు. నేను పెద్ద నిచ్చెన, అది చిన్న నిచ్చెన. పొడుగు మా ఇంటి ఆడవాళ్ళ సొత్తు. వేరే ఆస్తులేం లేవు కాబట్టి దాన్నే గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

మాది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. ఒక పక్క తొట్లు, ఇంకో పక్క ఆవిరి రోలరు. రోలరు లోంచి దుప్పటి అట్టముక్కలా బిగుసుకుని, చెయ్యి పెడితే చుర్రుమనేలా బయటికొస్తుంది. చెరో కొసా ఇద్దరు పట్టుకోవాలి. అంచుకి నడిమి చోటు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు కిందికి జార్చి, అంచులు కలిపి, ఎదురెదురుగా నడిచొచ్చి మడత వెయ్యాలి. ఇద్దరిదీ ఒకటే ఎత్తయితే మడత తిన్నగా వస్తుంది. ఒకరు పొట్టి అయితే ఏటవాలుగా పోతుంది. అలాంటివి పేరిస్తే దొంతర ఒరిగి పడుతుంది. అందుకని మా మేస్త్రీ జోడీలు కట్టేటప్పుడు మనుషుల పనితనం చూడడు, తలలు చూస్తాడు. తల్లీకూతుళ్ళం అలా జోడీ అయ్యాం.

కొన్నేళ్ళ కిందట నా వైపు మడత కుంగడం మొదలైంది. నా వీపు వంగింది, అలమారలో పై అర అందడం మానేసింది. మేస్త్రీ నా కాళ్ళ కింద ఒక చెక్కపలక వేయించాడు.

"ముసలితనం వస్తే నిచ్చెనకైనా మెట్లు ఊడతాయి వదినా" అంది బొంగురు. అది తొట్టి దగ్గర పనిచేసే మనిషి. గొంతు అలా ఉంటుందని అందరూ అలాగే పిలుస్తారు, తనూ పలుకుతుంది.

నవ్వుకున్నాం. పలక మీద నిలబడి మళ్ళీ నా కూతురి కళ్ళలోకి సూటిగా చూస్తూ దుప్పట్లు మడిచాను.

నాకు భయం ఎక్కువ. ఫోను మోగితే ఎవరు పోయారో అనుకునే రకం. అల్లుడు లారీ తోలతాడు, వాన పడితే చాలు నాకు ముద్ద దిగదు. మనవరాలికి కంటి మీద కురుపు లేస్తే చూపు పోయిందని ఏడ్చాను. మా అమ్మాయికి దగ్గొచ్చినా కడుపునొప్పొచ్చినా, పెద్ద జబ్బు పేరొకటి నా నోట్లో సిద్ధంగా ఉండేది. ఎన్నిసార్లు డాక్టర్ల దగ్గరికి లాక్కెళ్ళానో! ప్రతిసారీ "ఏం లేదమ్మా" అని పంపేసేవాళ్ళు. దారంతా అది నన్ను ఆట పట్టించేది. "నువ్వు చెప్పినన్నిసార్లు చచ్చి ఉంటే, నన్ను తీసుకుపోయే వాళ్ళు కూడా విసిగిపోయేవాళ్ళే అమ్మా" అనేది.

అన్నిటికీ భయపడ్డాను గానీ, భయపడాల్సిన దాన్ని మాత్రం ఎదురుగా పెట్టుకుని చూడలేదు.

ఎందుకంటే రోలరు గదిలో అందరూ చెమటలోనే ఉంటారు. మెడకి తడి తువ్వాలు, మొహం మీద ధారలు. మా అమ్మాయికి ఉన్నట్టుండి ఛాతీలోంచి మంట లేచి మొహం కందగడ్డయ్యేది, నిలువునా తడిసిపోయేది. ఆ గదిలో ఎవరు గుర్తుపడతారు? ఇంటికెళ్ళినా తగ్గేది కాదు. చలికాలంలోనూ దుప్పటి తన్నేసేది. తలగడ పిండితే నీళ్ళొచ్చేవి. దానికి మా గదిలో ఒక మాట ఉంది, ఆవిరి పట్టిందంటారు. రోలరు ముందు ఏళ్ళ తరబడి నిలబడితే వేడి ఒంట్లో చేరిపోతుందని, ఆ వేడికి నెలసరి కూడా తొందరగా ఎండిపోతుందని మా నమ్మకం. నాకూ తొందరగానే ఆగింది. దానికీ ఆగింది, నాకంటే చిన్న వయసులోనే. పీడ వదిలిందన్నారు అందరూ. గుడ్డలు దాచుకునే బాధ లేదు, నొప్పితో తొట్టి పట్టుకుని నిలబడే బాధ లేదు. "అదృష్టవంతురాలివే" అంది బొంగురు, కొంచెం కుళ్ళుకుంటూ.

ఆ తర్వాత దానికి నడుం పట్టడం మొదలైంది. తడి మూట ఎత్తినప్పుడల్లా కలుక్కుమనేది. మందు రాసేదాన్ని. ఆ గదిలో నడుం నొప్పి లేని మనిషిని చూపించమనండి.

ఒకరోజు గదంతా కడిగారు. నా పలక నానిపోయి బయట ఎండలో ఉంది. అది ఆరేదాకా రోలరు ఆపుతారా? పలక లేకుండానే నిలబడ్డాను. వంకర వస్తుంది, మేస్త్రీ చేత తిట్లు తినాలి అనుకుంటూ మొదటి దుప్పటి మడిచాం.

తిన్నగా వచ్చింది.

రెండోదీ అంతే. దొంతర పెరుగుతుంటే గోడ కట్టినట్టుంది. అంతకు ముందు కొంతకాలంగా, పలక ఉన్నా కూడా మడత కాస్త వంకర పోతుండేది. నేనే సరిగ్గా నిలబడటం లేదని మేస్త్రీ అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను.

"వదిన మళ్ళీ పెరిగిందర్రోయ్!" అని అరిచింది బొంగురు.

గదంతా నవ్వింది. మేస్త్రీ కూడా వచ్చి దొంతర మీద చెయ్యి పెట్టి, "పెద్దమ్మా, ఇంక ఆ పలక పొయ్యిలో పెట్టేద్దామా?" అన్నాడు.

అందరితో పాటు మా అమ్మాయీ నవ్వుతోంది. నా చేతిలో దుప్పటి కొస అలాగే ఉండిపోయింది. నేను పెరగలేదు. నా వయసులో ఎవరూ పెరగరు. మరి మడత ఎలా కలిసింది?

ఎదురుగా దాని మొహం చూశాను. కళ్ళు నా కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

అన్నం దగ్గర మెల్లిగా కదిపాను. "ఏమే, నువ్వు కుంగిపోతున్నావే."

"ఇప్పుడు ఇదొకటా?" అంది ముద్ద కలుపుతూ. "పోయిన నెల నా గుండెలో బెజ్జం ఉందన్నావు."

"అది వేరు. ఇది నా కళ్ళతో చూశాను."

"బెజ్జం కూడా నీ కళ్ళతోనే చూశావు కదమ్మా!"

పక్కనున్న వాళ్ళు పొలమారేలా నవ్వారు. నేను ఊరుకోలేదు. మేస్త్రీ దగ్గరికెళ్ళి దాని చేత తడి మూటలు ఎత్తించొద్దని బతిమాలాను. అతను చెడ్డవాడు కాదు. "నీ మాట విని ఆమెని కూర్చోబెడితే, రేపు ఈ గదిలో ప్రతి తల్లీ నా దగ్గరికొస్తుంది పెద్దమ్మా. డాక్టరు చెప్తే చెప్పు, చూద్దాం" అన్నాడు. అది డాక్టరు దగ్గరికి రానంటుంది. నా మాటకి విలువ లేకుండా చేసుకున్నది నేనే అయితే, ఆ విలువ ఎక్కడ అడుక్కోవాలి?

నాకు చదువు పెద్దగా లేదు. కానీ గుడ్డ సంగతి తెలుసు. పనిలో చేరినప్పుడు మాకు తలా ఒక నూలు కోటు ఇచ్చారు. దానిది మోకాలి పైకి ఉండేది, పొడుగు మనిషి కదా. ఆ సాయంత్రం ఇంట్లో అది కోటు విప్పబోతుంటే ఆగమన్నాను. అద్దం ముందు నిలబెట్టాను.

"అంచు చూడు."

"ఏముంది అంచులో?"

"మోకాలి కిందికొచ్చింది."

"సాగి ఉంటుంది."

"మనం ఉతికేవాళ్ళమే తల్లీ. మరిగే నీళ్ళలో నూలు గుడ్డ ఎన్నేళ్ళు ఉతికితే సాగిందో చెప్పు."

ఉడికిన నూలు కుదించుకుపోతుంది గానీ పెరగదని దానికీ తెలుసు. వంగి ఆ అంచు పట్టుకుని కిందికి చూసింది. పైకి చూసి అద్దంలో తన భుజాలు చూసుకుంది. మొట్టమొదటిసారి నా భయం దాని మొహం మీదికి రావడం చూశాను. ఆ చూపు నాకు వద్దు. జన్మలో ఎన్నిసార్లు నన్ను నమ్మమన్నానో, ఆ ఒక్కసారి నమ్మకపోయినా బాగుండుననిపించింది.

"సెలవు రోజు వెళ్దాంలే" అంది.

ఆ సెలవు రోజు రాలేదు. దానికి రెండు రోజుల ముందే తొట్టిలోంచి తడి మూట ఎత్తుతూ అలాగే ఆగిపోయింది. మూట వదల్లేదు, పడలేదు, అరవలేదు. పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైందని తర్వాత చెప్పింది. నాకు రోలరు హోరులో ఏమీ వినపడలేదు. "అమ్మా, నన్ను కదిలించకు" అంది. అంతే. బొంగురు మూట అందుకుంది.

ఆసుపత్రిలో దాన్ని పడుకోబెట్టిన దుప్పటి మేం మడిచిందే. మూల మీద మా లాండ్రీ గుర్తు ఉంది. మడత గీత తిన్నగా ఉంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించింది. వెన్నుపూసలు దొంతరగా ఉండాల్సినవి. మధ్యలో మూడు, తడిసిన అట్టపెట్టె మీద కూర్చుంటే నలిగినట్టు నలిగిపోయి ఉన్నాయి. రెండు పాతవట, ఎప్పుడో నడుం పట్టిందని మేం మందు రాసిన రోజులవి. ఒకటి ఇప్పటిది. ఎముక ఎంత పలచబడిందో చూసే పరీక్ష కూడా చేశారు.

"నెలసరి ఎప్పుడు ఆగింది?" అని అడిగింది మా అమ్మాయిని.

"మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడండీ."

"అప్పటికి నీకెన్నేళ్ళు?"

"ముప్పై రెండో, మూడో."

"ఎవరికీ చూపించలేదా?"

"చూపించడానికేముందండీ. అదృష్టం అన్నారు అందరూ." కొంచెం ఆగి, "ఆవిరి పట్టిందనుకున్నాం" అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నేను చెప్పాను. ఆమె కసురుకోలేదు, నవ్వలేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"అది ఆవిరి కాదమ్మా. నెలసరి ఆగడమంటే నెల నెలా వచ్చే రక్తం ఒకటే ఆగడం కాదు. అండాశయాలు ఒక హార్మోను తయారుచేస్తాయి. ఎముక రోజూ కొంచెం అరుగుతుంది, రోజూ కొంచెం కట్టుకుంటుంది. ఆ హార్మోను ఉన్నన్నాళ్ళూ లెక్క సరిపోతుంది. అది పోతే అరిగేది ఎక్కువ, కట్టేది తక్కువ. గుండెకి వెళ్ళే రక్తనాళాలకీ అదే కాపలా. ఏ ఆడదానికైనా ఏదో ఒకనాడు ఆగుతుంది, ఆ తర్వాత ఎముకల్నీ గుండెనీ జాగ్రత్తగా చూసుకోవాలి. కానీ నలభై లోపు ఆగితే అది మామూలు విషయం కాదు. అప్పుడే వస్తే, ఒంట్లో లేని హార్మోను మందుగా ఇచ్చి, మామూలుగా ఆగే వయసు దాకా కాపాడేవాళ్ళం."

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడూ ఇస్తాం. ఎముకకి వేరే మందూ ఇస్తాం. గుండె, రక్తపోటు, కొవ్వు అన్నీ చూస్తాం. బరువులు మాత్రం ఎత్తకూడదు."

"కుంగింది మళ్ళీ లేస్తుందా అమ్మా?"

"లేవదు. ఇంకా కుంగకుండా చూద్దాం."

తర్వాత నా వంక చూసి నాకెప్పుడు ఆగిందని అడిగింది. చెప్పాను. నన్నూ ఎక్స్‌రేకి పంపింది. మీ మనవరాలికీ ఇలాగే అవుతుందని కాదు గానీ, నెలసరి తప్పడం మొదలైతే మాత్రం అదృష్టం అనుకోకుండా తీసుకురండి అంది.

మా అమ్మాయి పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. "పదేళ్ళమ్మా" అంది. "పదేళ్ళు చెమట తుడుచుకుంటూ కూర్చున్నాను." నా చెయ్యి పట్టుకోలేదు. నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు నేను చిరుగులు కుట్టే బల్ల దగ్గర పని చేస్తున్నాను. నేను అడక్కుండానే మేస్త్రీ మార్చాడు. మా అమ్మాయి ఇంట్లో ఉంది, నడుముకి గట్టి బెల్టు కట్టుకుని. కాసేపు కూర్చుంటుంది, కాసేపు పడుకుంటుంది. దగ్గొస్తే రెండు చేతులతో మంచం పట్టె గట్టిగా పట్టుకుంటుంది. బాగుపడుతుందని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అనుకోవడం లేదు. అది నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే లెక్కలేనన్ని భయాలు నా మీద పడతాయి. ఇప్పుడెవరూ నన్ను ఆట పట్టించడం లేదు. ఆట పట్టిస్తే బాగుండును.

మొన్న బొంగురు బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. దాని గొంతు ఎప్పుడూ గది చివర దాకా వినపడుతుంది. ఆ రోజు పక్కనున్న నాకే వినపడలేదు.

"ఏంటే?"

"నాకూ ఆగి మూడేళ్ళయింది వదినా. నలభై కూడా రాలేదప్పుడు. చెప్పలేదు ఎవరికీ."

"రేపు నాతో రా."

"రేపు తొట్టి పని ఎక్కువుంది."

"తొట్టి ఎక్కడికీ పోదు. నువ్వు పోతావు" అన్నాను. తిట్టలేదు నన్ను. వచ్చింది.

నిన్న ఇంట్లో దుప్పటి మడతపెట్టాల్సొచ్చింది. మా అమ్మాయి తనూ పట్టుకుంటానని బలవంతంగా లేచింది. చెరో కొసా పట్టుకున్నాం. పాత అలవాటు, గడ్డం కింద నొక్కి, చేతులు జార్చి, ఎదురెదురుగా రెండడుగులు. మడత తిన్నగా వచ్చింది. ఇద్దరం దాని వైపు చూడలేదు.

మనవరాలు కాలేజీ నుంచి వచ్చి, "నువ్వు పడుకో అమ్మా" అంటూ వాళ్ళమ్మ చేతిలోంచి రెండో దుప్పటి కొస తీసుకుంది. పొడుగు పిల్ల. గుమ్మంలో తల వంచుకుని వస్తుంది. అది పట్టుకోగానే దుప్పటి అటు పైకి లేచి ఇటు నా వైపు జారింది.

"వంకరొస్తోంది అమ్మమ్మా. స్టూలెక్కుతావా?"

మంచం మీద నుంచి మా అమ్మాయి చూస్తోంది. ఏడుస్తోందో లేదో నేను చూడలేదు.

"వద్దు" అన్నాను. "వంకరగానే రానీ."