ఫ్లెక్సీ వెనక ఏడోవాడు

ఎలీషా బొమ్మలు వేసేది పాత ఫ్లెక్సీల వెనకవైపు. ముందువైపు ఎవరో ఒక నాయకుడు చేతులు జోడించి పుట్టినరోజు శుభాకాంక్షలు అందుకుంటూ ఉంటాడు. వెనక తెల్లటి జాగా ఊరికే పడి ఉంటుంది. మొయినాబాద్ చుట్టుపక్కల నాయకులకూ, వాళ్ల పుట్టినరోజులకూ కొదవ లేదు కనుక ఎలీషా బొమ్మలకూ కొదవ లేదు.

ఫౌజులో ఇరవై నాలుగేళ్లు చేసి హవల్దారుగా ఇంటికొచ్చిన మనిషి. కార్గిల్ కొండల మీద ఏం చూశాడో భార్య ప్రేమజ్యోతికి కూడా చెప్పలేదు. బరాత్‌లో పటాకులు పేలితే చాలు, కిందపడ్డ చిల్లర వెతుకుతున్నట్టు నేలకు వంగేవాడు. రెండేళ్ల కింద గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ రంగుతో మొదటి కొండ వేశాడు. తర్వాత మంచు, బంకర్లు, బరువులు మోసే మనుషులు. ఇప్పుడు పటాకులు పేలితే చెవులు మూసుకొని ఊరుకుంటున్నాడు. ప్రేమజ్యోతి దేవుణ్ణి అంతకు మించి అడగలేదు.

ఒక్క బొమ్మ దగ్గర మాత్రం బండి మొరాయించింది. ఏడుగురు జవాన్లు కొండ ఎక్కుతుంటారు. ఏడోవాడికి ముఖం లేదు.

"మొఖం పెట్టేదాక దీన్ని ఎవ్వరు చూడొద్దు. చూసిన్రో, ఇగ బ్రష్ ముట్ట," అన్నాడు. ఐదు నెలలైంది.

ఆ శనివారం పొద్దున అతను రంగుల కోసం మొయినాబాద్ వెళ్లాడు. పక్క చేను వెంకటయ్య టమాట బాక్సుల ట్రాలీ ఆటో గేటు ముందు ఆపి కేక వేశాడు.

"వదినా! చేవెళ్ల మార్కెట్‌కు పోతున్న. మొగులైంది. జర ఒక ఫ్లెక్సీ ఉంటే ఇయ్యరాదు!"

ప్రేమజ్యోతి కొట్టంలో చేతికందినది లాగింది. నాయకుడు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూశాక వెనక్కి తిప్పి చూడాలనిపించలేదు, అలాగే ఇచ్చేసింది.

ఎలీషా వచ్చి కొట్టంలోకి వెళ్లి, బయటికొచ్చి, రంగు డబ్బాలు మెట్టు మీద పెట్టాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఏడోవాడు ఏడి?"

ఆమెకు అర్థమైంది. స్కూటీ తాళం తీసింది. చేవెళ్ల దాకా వెనక సీటు మీద బియ్యం బస్తా ఉన్నట్టే ఉంది, మనిషి ఉన్నట్టు లేదు.

వాన రానే లేదు. వెంకటయ్య ఫ్లెక్సీని మార్కెట్‌లో ఎండ తగలకుండా రెండు కర్రల మధ్య తెరలా కట్టాడు. కట్టింది కూడా బొమ్మ బయటికి!

"నేనేం జేద్దు వదినా! మా కమీషన్ సేటుది అవతలి పార్టీ. ఆ లీడర్ మొఖం నా దుకాణం ముంగట కనబడితే నీ టమాట దించనియ్యనన్నడు. గందుకే తిప్పి కట్టిన."

ఫ్లెక్సీ ముందు జనం. ఏడోవాడికి రంగు చాల్లేదని ఒకాయన తేల్చేశాడు. ఎలీషా తాడు ముడి మీద చెయ్యి వేశాడు. పక్కన కొత్తిమీర కట్టలు పెట్టుకున్న ముసలామె సత్తమ్మ అతని మొహం చూసింది.

"నువ్వేసినవా బిడ్డా? గీ పిలగానికి మొఖం పెట్టలేదేంది?"

ఎలీషా చెయ్యి ముడి మీదే ఆగింది. "యాదికొస్తలేదవ్వా."

"పోనీ, ఏం తినేటోడు?"

ఇదేం ప్రశ్న అనుకుంది ప్రేమజ్యోతి. ఎలీషా మాత్రం జవాబు చెప్పాడు.

"ఉల్లిగడ్డ. జాంపండు లెక్క కొరికేటోడు. రత్నాకర్, బీదర్ పోరడు. కొండెక్కేటప్పుడు సుత జేబుల రెండు పెట్టుకుండు. నీ కంపుకే దుష్మన్‌కు మన జాడ తెలుస్తదిరా అని మా సుబేదార్ సాబ్ తిట్టేటోడు."

జనం నవ్వారు. ఎలీషా కూడా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూశాడు.

"ఆ పొద్దు నీళ్ల క్యాన్ మోసే వంతు నాది. కాలు బెణికిందన్న. వాడు మోసిండు. తూట వానికి తగిలింది." తాడు వదిలేశాడు. "కాలు బెణకలేదవ్వా. భయమైంది నాకు."

ఇరవై ఏళ్ల కాపురంలో భార్యకు చెప్పని మాట కొత్తిమీర అమ్మే అవ్వకు పది నిమిషాల్లో చెప్పేశాడు. ప్రేమజ్యోతికి కళ్లు చెమ్మగిల్లాయి. కొంచెం ఒళ్లు కూడా మండింది.

"భయమైతది బిడ్డా, కాకుంటెట్ల?" సత్తమ్మ కట్టల మీద నీళ్లు చల్లింది. "ఉల్లిగడ్డ కొరికితే ఏ దవుడ ఉబ్బేది?"

"ఎడమది," ఎలీషా ఆలోచించకుండా అన్నాడు.

అని తానే ఉలిక్కిపడ్డాడు. బాక్సుల మీద పేర్లు రాసే నల్ల మార్కర్ వెంకటయ్య చేతిలోంచి లాక్కున్నాడు. ముందు ఉబ్బిన ఎడమ దవడ వచ్చింది. దాని వెంట ఘాటుకు సగం మూసుకున్న కళ్లు, చిట్లించిన ముక్కు వచ్చాయి. ఇరవైరెండేళ్ల కుర్రవాడొకడు నోటి నిండా ఉల్లిగడ్డతో చేవెళ్ల మార్కెట్‌ను చూశాడు.

"అన్నా, తీసుకపోతవా?" వెంకటయ్య బిక్కుబిక్కుమంటూ అడిగాడు.

"ఉండనియ్యి. టమాట అమ్ముడువోయినంక తెచ్చియ్యి. మల్ల తిప్పి కట్టకు."

తిరుగుదారిలో ఎలీషా మాట్లాడుతూనే ఉన్నాడు. రత్నాకర్ పాడిన పాటలు, రాసిన ఉత్తరాలు, వేసుకున్న చిరుగుల స్వెటర్. సగం మాటలు గాలికి పోతున్నాయి. ప్రేమజ్యోతి స్పీడు ఇరవైకి తగ్గించింది. వెనక మెహదీపట్నం బస్సు హారన్ మీద హారన్ కొడుతోంది.

ఊరి మలుపు వచ్చింది. ఎలీషా గమనించలేదు. ప్రేమజ్యోతి గమనించింది, స్కూటీని నేరుగా పోనిచ్చింది.