కుర్చీ వచ్చిన రోజు

ఆ పిల్ల తనంతట తానే బడి మానేసిందని రిజిస్టర్లో రాసిన మాట నిజమా, అబద్ధమా అనే సందేహం లెక్కల మాస్టారిని ఇరవై రెండేళ్ళుగా వదల్లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉంది, రిటైరయ్యాకా ఉంది. పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి కళ్ళు మూసుకుంటే దేవుడి రూపం కన్నా ముందు ఆ రిజిస్టరు గడి కనిపించేది. 'ఇష్టపూర్వకంగా మానేసినది.' అక్షరాలు గుండ్రంగా ఉండేవి. ఆయన దస్తూరీ ఎప్పుడూ బాగుంటుంది.

ఆ పిల్లకు కాళ్ళు పనిచేయవు. నాలుగో తరగతి దాకా వాళ్ళమ్మ వీపున మోసుకొచ్చి కింది గదిలో దించేది. అయిదో తరగతి మేడమీద. వారం రోజులు మెట్లెక్కి మోసింది. ఎనిమిదో రోజున మాస్టారే, "నీ నడుం పడిపోయేట్టుంది, ఇంక ఇంటి దగ్గరే చదివించుకోమ్మా" అన్నారు. జాలితోనే అన్నారు. ఆమె తలూపి పిల్లను వీపుకెత్తుకుంది. దిద్దడానికి తీసుకున్న పిల్ల నోటుపుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయింది. అందులో పది భాగహారాలున్నాయి, ఒక్కదాని మీదా ఎర్ర సిరా పడలేదు. పారేయడానికి చేతులు రాక దేవుడి గూట్లో పెట్టారు.

"దేవుడి గూట్లో ఈ నోటుపుస్తకమేంటండీ?" అని భార్య గూడు తుడిచినప్పుడల్లా అడిగేది.

"బాకీ" అనేవారు. ఆవిడ దాన్ని దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది.

ఈ ఉదయం పదింటికి మాస్టారు విద్యాశాఖ వ్యాన్లో వెనక సీట్లో కూర్చున్నారు. పక్కన మడతపెట్టిన చక్రాల కుర్చీ ఉంది. ఎడమ చేతి పిడి విరిగితే దానికి నీలం టేపు చుట్టారు. ప్రభుత్వ బడుల్లో కాళ్ళూ చేతులూ కళ్ళూ సరిగా లేని పిల్లలకు అందరితో సమానంగా హక్కులు అందుతున్నాయో లేదో చూసి సలహా చెప్పడానికి శాఖ ఒక సంఘం వేసింది. అందులో ఒక అధికారి, ఒక ఇంజనీరు, ఏ బడికి వెళ్తే ఆ బడి హెడ్మిస్ట్రెస్, ఒక సలహాదారు ఉంటారు. ఆ సలహాదారు మాస్టారే. ముప్పై ప్రశ్నల ఫారం ఇచ్చారు. ప్రతి ప్రశ్న ఎదురుగా 'ఉంది', 'లేదు' అని రెండే గళ్ళు. ఇప్పటికి పదమూడు బడులయ్యాయి.

"ఈ కుర్చీ తిరిగినన్ని బళ్ళు నేనూ తిరగలేదు సార్" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి చూస్తూ. "ఫెయిలవకుండా పదమూడు బళ్ళు దాటింది. దీనికే ఏదో ఒక ఉద్యోగం వేయించండి."

ముందు సీట్లో అధికారి నవ్వాడు. మాస్టారూ నవ్వారు. నవ్వాక చేత్తో ఆ నీలం టేపును తడిమి చూశారు.

పదమూడు ఫారాల్లోనూ 'చక్రాల కుర్చీ' ఎదురుగా 'ఉంది' అని టిక్కు పెట్టింది ఆయనే. ఎవరూ ఆయనతో అబద్ధం చెప్పలేదు. వాళ్ళు వెళ్ళినప్పుడు కుర్చీ అక్కడే ఉంది. వాళ్ళు వచ్చేటప్పుడు వాళ్ళతోపాటే వచ్చేసింది. మూడు వారాలుగా దాని పక్కనే కూర్చుని ప్రయాణం చేశారు. ఒక్క రోజు కూడా ఆయనకది వింతగా తోచలేదు. ఇప్పుడు తోచింది. పన్ను పీకించుకున్నాక దవడలా మొద్దుబారినట్టుంది లోపల.

పద్నాలుగో బడి రెండంతస్తులది. గేటు దగ్గర్నుంచి హెడ్మిస్ట్రెస్ గది వరాండా దాకా సిమెంటు వాలు కట్టారు. వాలు మీద అంతవరకూ ఉన్న టీచర్ల సైకిళ్ళు ఆ పూటకి తీశారు. మూడో తరగతి చదివే, నడవలేని తొమ్మిదేళ్ళ పిల్లను వాళ్ళమ్మ మేడమీంచి మోసుకొచ్చింది. ఆమె ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. సంతకానికి రమ్మని కబురు పెడితే వచ్చింది. చేతులు మోచేతుల దాకా తెల్లగా నాని ఉన్నాయి.

పిల్లను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంజనీరు ఫోటో తీశాడు. పిల్ల చక్రాన్ని చేత్తో తిప్పి, రెండడుగులు ముందుకీ ఒక అడుగు వెనక్కీ జరిగి చూసుకుంది.

"చాలమ్మా, దిగు" అన్నాడు డ్రైవరు మెల్లగా.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

డ్రైవరు కుర్చీ మడిచాడు. "ఆఫీసు పేరున ఉంది సార్ ఇది" అని మాస్టారికి చెప్పాడు, ఆయన అడక్కపోయినా. "ఇక్కడ వదిలేస్తే నా ఉద్యోగం పోతుంది."

పిల్లను వరాండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన పిల్ల నీళ్ళ సీసా పెట్టారు. మెడ దాకా నిండుగా ఉంది. ఎండ ముదిరి పిల్ల పెదాలు పొడిబారాయి.

"నీళ్ళు తాగవేమ్మా?" అన్నారు మాస్టారు.

"అమ్మ మధ్యలో వచ్చే రోజే తాగుతా."

"ఇవాళ వచ్చింది కదా?"

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి తలూపాక సీసా ఎత్తి, ఊపిరి తీసుకోకుండా సగం తాగింది.

"మరుగుదొడ్డికి కిందికి దించాలి సార్" అంది తల్లి. "నేను వస్తే గంట కూలి కోస్తారు. రెండుసార్లు వస్తే సగం పూట పోయినట్టే. దుప్పట్ల లోడు ఎక్కువొచ్చిన రోజు అసలు వదలరు. ఆ రోజు దీన్ని ఇంట్లోనే ఉంచేస్తా."

మాస్టారు జేబులోంచి కొలత టేపు తీసి మరుగుదొడ్డి దగ్గరికి వెళ్ళారు. ముందు రెండు మెట్లున్నాయి. తలుపు వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు. వ్యాన్ దగ్గరికి వెళ్ళి కుర్చీ విప్పించి కొలిచారు. ఇరవై ఆరు. ఫారంలో ప్రశ్న 'మరుగుదొడ్డి ఉన్నదా?' అని మాత్రమే.

హెడ్మిస్ట్రెస్ గదిలో రెండు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది ఫారం. దాని మీద అప్పటికే మూడు సంతకాలు పడ్డాయి. రెండోది తల్లి సంతకం చేయాల్సినది. బడిలో సౌకర్యాలన్నీ ఉన్నా పిల్ల హాజరు తక్కువగా ఉన్నందున, తల్లి ఇష్టపూర్వకంగా ఇంటి దగ్గర చదివించుకోవడానికి ఒప్పుకున్నదని ఉంది అందులో. నెలకోసారి పాఠాల కాగితాలు పంపుతారు. సాక్షి అన్న చోట సలహాదారు సంతకం చేయాలి.

మాస్టారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. అక్షరాలు ఆయనవి కావు, టైపు చేసినవి. మాట మాత్రం అదే.

"ఆమె మంచికేనండీ" అంది హెడ్మిస్ట్రెస్. "రోజూ ఆ మోత చూడలేకపోతున్నాం. మేమూ ఆడవాళ్ళమే కదా!"

"మూడో తరగతిని కిందికి మార్చకూడదామ్మా? వరాండా చివర గది ఉంది కదా?"

"అందులో విరిగిన బెంచీలూ, పాత పుస్తకాలూ ఉన్నాయి మాస్టారూ. తీయాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

"పెట్టినప్పుడు ఆర్డరు వచ్చిందామ్మా?"

అధికారి కలం మూత తీసి ఆయన ముందు పెట్టాడు. అతను చెడ్డవాడు కాడు. ఉదయం నుంచీ టిఫిను తినలేదు, ఇంకా రెండు బడులు చూడాలి.

"మీరు సలహాదారు మాస్టారూ. సలహా ఎంతైనా ఇవ్వండి, చివర్లో ఒక పేరా రాసుకుంటాం. సంతకం మాత్రం కానివ్వండి."

మాస్టారు కలం తీసుకున్నారు. చెయ్యి అలవాటుగా కాగితం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. కలానికి మూత పెట్టారు.

"పెట్టను బాబూ."

"ఎందుకని?"

"కుర్చీ లేదు. తలుపు పట్టదు. ఆ అమ్మాయి నీళ్ళు తాగట్లేదు." గొంతు పెంచలేదు. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పారు. "ఆ పదమూడు ఫారాలు కూడా తెప్పించండి. కుర్చీ దగ్గర తప్పు టిక్కులు పెట్టాను. దిద్దాలి."

"మీరు కాకపోతే ఇంకో సలహాదారు వస్తారు" అన్నాడు అధికారి విసుగ్గా. "పిల్లకి ఒరిగేదేంటి దీనివల్ల?"

"అది నాకూ తెలీదు బాబూ."

హెడ్మిస్ట్రెస్ రెండో కాగితం తల్లి వైపు జరిపింది. "నువ్వు పెట్టమ్మా, సాక్షి సంగతి తర్వాత చూద్దాం."

తల్లి నానిన వేళ్ళతో కలం అందుకుంది. కాగితం వైపు, మాస్టారి వైపు, వరాండాలో సీసా మూత బిగిస్తున్న కూతురి వైపు చూసింది.

"చదువుకున్న ఆయనే పెట్టలేదు. నేనెలా పెడతాను మేడం?" అంది. కలాన్ని బల్ల మీద పెట్టి, అది దొర్లిపోకుండా వేలితో ఆపింది. తర్వాత పిల్లను ఎత్తుకుని మరుగుదొడ్డి వైపు నడిచింది.

మాస్టారు మళ్ళీ వ్యాన్ ఎక్కలేదు. ఇంటికి నడిచి వెళ్ళి, చేతులు కడుక్కుని, గూట్లోంచి నోటుపుస్తకం తీసుకుని, నాలుగు వీధుల అవతలికి వెళ్ళారు. ఆ ఇల్లు ఆయనకు ఎప్పుడూ తెలుసు. ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి కూరగాయలకు వెళ్ళడం ఇరవై రెండేళ్ళ అలవాటు.

వీధివైపు గదిలో నేలమీద పీట వేసుకుని ఒకామె చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. వయసు ముప్పై పైన. పక్కన బొత్తాల డబ్బా, కుట్టాల్సిన చొక్కాల గుట్ట ఉన్నాయి. తలెత్తి చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

"లెక్కల సారు కదూ? బక్కచిక్కిపోయారు. రండి, ఆ చొక్కాలు జరిపి కూర్చోండి."

మాస్టారు నిలబడే చెప్పారు. "నువ్వు ఇష్టపడి మానేశావని రిజిస్టర్లో రాశానమ్మా. అది అబద్ధం."

"తెలుసు సార్. బడి ఇచ్చిన కాగితంలోనూ ఆ మాటే ఉంటే అమ్మ ఎవరిచేతో చదివించుకుంది."

"ఏమంది?"

"ఇంక నడుం నొప్పి తగ్గుతుందిలే అని నవ్వింది." దారం పళ్ళతో తెంపింది. "తగ్గలేదు. పోయేదాకా ఉంది. చేతిలో అదేంటి సార్?"

ఆయన పుస్తకం ఇచ్చారు. ఆమె అట్ట మీద తన పేరు చూసి, లోపలి పేజీ తిప్పి, మళ్ళీ ఆయనకే ఇచ్చేసింది.

"దిద్దలేదుగా! దిద్ది ఇవ్వండి."

మాస్టారు చొక్కాల గుట్ట పక్కన కూర్చుని, ఎర్ర కలం తీసి ఒక్కో లెక్కా చూశారు. ఆమె బొత్తాలు కుట్టుకుంటూనే ఉంది. ఏడో లెక్క దగ్గర కలం ఆగింది.

"తప్పా?" అంది తలెత్తకుండా.

"తప్పే. ఒక సున్నా మర్చిపోయావు."

"జాలిపడి టిక్కు పెట్టేస్తారేమోనని చూస్తున్నా" అంది.

ఆయన ఇంటూ పెట్టారు. పక్కన సరైన జవాబు రాశారు. కింద పదికి తొమ్మిది వేసి, సంతకం చేశారు. సంతకం కింద తేదీ వేయడం టీచర్ల అలవాటు. కలం ఒక క్షణం తటపటాయించింది.

"ఇవాళ్టిదే వెయ్యండి సార్" అంది ఆమె, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆయన ఆ రోజు తేదీ వేసి పుస్తకం ఆమె చేతికిచ్చారు.