ఆర్మాన్ తాళం

మిల్లులో కాగితపు గుజ్జు తొట్టికి కత్తులు మార్చడమంటే అయిదుగురికి ఒకపూట పని. దాన్ని రెండు గంటల్లో తెమల్చమన్నాడు కొత్త సూపర్‌వైజర్ డ్వైట్. చెప్పడానికేం, నోటికి సుంకమా? పది నిమిషాలకోసారి వాకీటాకీలో "ఇంకెంతసేపు?" అంటూనే ఉన్నాడు.

"ఇది పదకొండోసారి. డజను నిండితే కాఫీలు నీ ఖర్చు, లోర్నా" అన్నాడు గస్, తొట్టిలోంచి తల బయటపెట్టి.

"ముందు ఆ బోల్టు బిగించరా. దాంతోపాటు నోరు బిగించినా సంతోషమే" అంది లోర్నా. ఆమె ఆ జట్టుకు పెద్ద, ఇంకో రెండేళ్ళలో పింఛను.

తొట్టిలోకి దిగే ప్రతివాళ్ళూ ముందు కరెంటు స్విచ్చుకు తమ పేరున్న తాళం వేసుకోవాలి. ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఒక్కటి మిగిలినా కత్తులు తిరగవు. లోర్నాకు ఈ పని నేర్పిన ఆర్మాన్, ఒకప్పుడు తాళం వెయ్యకుండా దిగి ఎడమచేతి మూడు వేళ్ళు అదే తొట్టికి ఇచ్చుకున్నాడు.

మధ్యాహ్నానికి పని అయింది. అందరూ తాళాలు తీసుకున్నారు, గస్ కూడా. అయినా స్విచ్చుకు ఒకటి వేలాడుతూనే ఉంది. రంగు పెచ్చులూడిన ఎర్ర తాళం, మీద ఆర్మాన్ పేరు.

ఆర్మాన్ ఫిబ్రవరిలో పోయాడు. మంచుకు నేల గడ్డకట్టి ఏప్రిల్ దాకా పూడ్చడం కుదరలేదు. ఆ తాళాన్ని, తాళంచెవిని శవపేటికలో అతని కోటు జేబులో పెట్టింది లోర్నాయే.

"గస్ గాడి వేషమే. మొన్న డ్వైట్ టోపీలో ఎండుచేప పెట్టింది వాడేగా" అన్నాడు జట్టులోని వెండెల్. గస్ మాత్రం కనబడలేదు. కాఫీకి పోయుంటాడనుకున్నారు.

ఈలోగా డ్వైటే కట్టర్ పట్టుకుని వచ్చాడు. "ఎవడిదో ఒక తాళం కోసం మిల్లు ఆపుతావా? కొయ్యి. లేదా రేపట్నుంచి ఇంటి దగ్గరుండు."

లోర్నా కట్టర్ అందుకుంది. పింఛను కళ్ళముందు మెదిలింది. ఒళ్ళంతా చెమటలు కారే ఆ ఉడుకులో తాళం మంచుగడ్డలా ఉంది, చెయ్యి అంటుకుపోయింది. ఆమెకు నిజంగా భయం వేసింది.

"కోసేముందు లోపల చూడాలి" అంది. ఎర్ర తాళం పక్కన తన తాళం వేసి, వెండెల్‌తో కలిసి టార్చితో దిగింది.

అడుగున కత్తుల మధ్య గస్ పడి ఉన్నాడు. నుదుటి మీద నెత్తురు, చేతిలో మరిచిపోయిన పానా. ఊపిరి ఆడుతోంది. అతని తాళం చొక్కా జేబులోనే ఉంది.

ఇద్దరూ కలిసి పైకి లాగాక కళ్ళు తెరిచాడు. "పానా కోసం మళ్ళీ దిగాను. ఒక్క నిమిషం పనే కదా అని తాళం వెయ్యలేదు. కాలు జారింది."

"మరి ఆ ఎర్ర తాళం?"

"ఆర్మాన్‌దా? దాన్ని నువ్వే పెట్టెలో పెట్టావుగా. పోయినవాడితో వేళాకోళమాడతానా నేను?"

లోర్నా వెనక్కి తిరిగి చూసింది. స్విచ్చుకు ఆమె తాళం ఒక్కటే ఉంది.

"నువ్వు కోశావా?" అని డ్వైట్‌ని అడిగింది.

"కోయడమెందుకు? మీరు లోపలుండగా ఆయనే వచ్చి తాళంచెవితో తీసుకుని పోయాడు" అన్నాడు డ్వైట్ చిరాగ్గా. "మీ జట్టు ముసలాయన. ఎడమచేతికి రెండే వేళ్ళు. ఇంతసేపూ ఎక్కడ చచ్చాడో కనుక్కో."