రెండు చేతులూ ఎత్తిన ఓటర్లు

రాజమాణిక్యం గుడియాత్తం నేతగాళ్ల వీధిలో అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు ఆగిపోయింది. ఒకదాని తర్వాత ఒకటి, వీధి చివరిదాకా ఆగిపోయాయి. అరుగుల మీద కూర్చున్న మగవాళ్లు పైకి కట్టిన లుంగీలు దించుకుని లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

"చూసినావా కుప్పా, ఎంత మర్యాదో!" అన్నాడు రాజమాణిక్యం మీసం సవరించుకుంటూ.

"మీరంటే ఆ మాత్రం ఉండాది గదయ్యా," అన్నాడు కుప్పన్. ఆయన కింద ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన కానిస్టేబుల్ అతను.

రాజమాణిక్యం ఆ ఊళ్లో ఇన్‌స్పెక్టరుగా చేసి, రిటైరయ్యాక వేలూరులో ఇల్లు కట్టుకున్నాడు. పూలకుండీలకు నీళ్లు పోసి పోసి విసుగెత్తింది. కుండీలు చెప్పినట్టు వింటాయి గానీ సెల్యూట్ కొట్టవు. అందుకే ఈసారి అసెంబ్లీ ఎన్నికల్లో గుడియాత్తం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. బకెట్టు గుర్తు వచ్చింది. కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఒకే మాట వేయించాడు: "నా హయాంలో ఈ వీధుల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."

మొదటి ఇంటి ముందు నిలబడి, "లోగనాథన్ నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే అయ్యా. నేనేమీ చెయ్యలేదయ్యా."

"చెయ్యలేదని నాకు తెలుసు. నీ ఓటు సంగతి చెప్పు."

"ఓటా! అట్లాంటిది మా ఇంట్లో లేదయ్యా. కావాలంటే లోపల వెతుక్కోండి."

ఇంతలో బైకు మీద ఎదురొచ్చిన ఒక కుర్రవాడు వీళ్లను చూసి గిరుక్కున బండి తిప్పాడు. పాత అలవాటు కొద్దీ కుప్పన్ "ఏయ్, నిల్లురా!" అని వెంటపడి, సందు మలుపులో కాలరు పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఎందుకు పారిపోతావుండావు?" అని గద్దించాడు రాజమాణిక్యం.

"మీరు వస్తావుండారని."

రాజమాణిక్యం అతని చేతిలో కరపత్రం పెట్టాడు. కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సంతకం యాడ పెట్టాలయ్యా?" అన్నాడు.

సాయంత్రం వీధి మొగలో సభ జరిగింది. రమ్మన్న వాళ్లంతా వచ్చారు. ఒక్కరు కూడా దగ్గలేదు. "నాకు ఓటేసేవాళ్లు చేతులెత్తండి!" అన్నాడు రాజమాణిక్యం. అందరూ ఎత్తారు.

వేలూరు చేరి, భార్య జెసింత అన్నం పెడుతుంటే గెలిచినవాడిలాగే చెప్పుకొచ్చాడు. ఆమె అంతా విని, "ఒక చెయ్యి ఎత్తినారా, రెండు చేతులా?" అని అడిగింది.

"రెండూ! ముసలోళ్లతో సహా!"

"రెండు చేతులూ ఎత్తేది ఓటేసేవాళ్లు కాదయ్యా, దొరికిపోయినోళ్లు."

రాజమాణిక్యం నవ్వబోయి, సగం తిన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు కుప్పన్‌ను రావద్దని ఒక్కడే వెళ్లాడు. మళ్లీ మగ్గాలు ఆగాయి, మళ్లీ అందరూ లేచారు. ఒక అరుగు మీద నూలు కండెలు చుట్టుకుంటున్న రాజాంబాళ్ అనే ముసలమ్మ మాత్రం లేవలేదు.

"మోకాళ్లు లేవనీవు నాయనా, కోపపడొద్దు," అంది.

"పర్వాలేదమ్మా. నాకు ఓటేస్తావా?"

"ఎందుకు వెయ్యాల?"

ఈ ప్రచారంలో ఆయనను ఎవరైనా 'ఎందుకు' అని అడగడం అదే మొదలు. కొంచెం తడబడి, కరపత్రంలో మాట చదివి వినిపించాడు.

రాజాంబాళ్ కండె పక్కన పెట్టింది. "ఫిర్యాదులు రాలేదు, నిజమే. దొంగతనాలు మాత్రం అయినాయి నాయనా. నేసిపెట్టిన మా లుంగీల మూటే ఎత్తుకుపోయినారు. చెప్పుకుందామని స్టేషన్‌కి వచ్చినాను. గడప కాడ నువ్వే ఉండావు. 'ఏంది?' అని ఒక్క అరుపు అరిచినావు. 'ఒణ్ణుమిల్లె అయ్యా, ఏమీ లేదు, టైము ఎంతయిందో అడుగుదామని వచ్చినా' అన్నాను."

"మరి నేనేమన్నాను?"

"పదకొండున్నర అన్నావు."

పక్కింటి గుమ్మంలో ఎవరో నవ్వు ఆపుకోలేక చప్పుడు చేశారు. రాజమాణిక్యం చెవులు ఎర్రబడ్డాయి. "నాకు గుర్తు లేదమ్మా," అన్నాడు మెల్లగా.

"నీకెట్ల గుర్తుంటాది? భయపడింది నేను గదా. నువ్వు లంచం తిన్నావని ఎవరూ అనరు. మేము నోరు మూసుకుంటే, మాకు కష్టమే లేదనుకున్నావు. అంతే నీ తప్పు."

పాఠకులారా, నేరస్థులు తిడితే ఆ ఇన్‌స్పెక్టరు ఎన్నడూ లెక్కచేయలేదు. తిట్టకుండా చెప్పిన ఈ మాట మాత్రం ఆయనను అక్కడే, ఆ అరుగు మీద, ముసలమ్మ పక్కన కూలబడేలా చేసింది.

మిగిలిన రోజులు ఆయన ఓటు అడగలేదు. అరుగుల మీద కూర్చుని "చెప్పండి" అనేవాడు. మొదట్లో ఎండ గురించి చెప్పారు. తర్వాత నీళ్లు రాని కుళాయి గురించి చెప్పారు. ఎన్నికలు మాత్రం అంత తీరిగ్గా ఆగవు. రాజమాణిక్యం చిత్తుగా ఓడిపోయాడు. కుప్పన్ బహిరంగంగా ఏడ్చాడు. ప్రచారానికి తెప్పించిన బకెట్లను జెసింత ఇరుగుపొరుగుకు పంచిపెట్టింది.

కొన్ని వారాలకు రాజాంబాళ్ మనవరాలు సుజితను వెంటబెట్టుకుని వేలూరు వచ్చింది. సుజిత ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆడపిల్లల్ని తీసుకెళ్లే వ్యాను డ్రైవరు రోజూ ముందు సీట్లో కూర్చోమని బలవంతం చేస్తున్నాడు, చెయ్యి పట్టుకుంటున్నాడు. ఆ పిల్ల పని మానేసి ఇంట్లో కూర్చుంది.

"నువ్వు తోడు వస్తే స్టేషన్‌కి పోతాం నాయనా," అంది రాజాంబాళ్.

ఆయన కుప్పన్‌ను కూడా పిలుచుకుని వెళ్లాడు. గుడియాత్తం స్టేషన్లో కొత్త ఇన్‌స్పెక్టరు ఆయనను చూడగానే లేచి సెల్యూట్ చేసి, కుర్చీ జరిపాడు. "కూర్చోండి సార్. ఏం విషయం?"

"విషయం నాది కాదు, ఈ అమ్మాయిది. కుర్చీ ఆమెకు వెయ్యండి."

సుజిత కుర్చీ అంచున కూర్చుంది. రాజమాణిక్యం వైపు బేలగా చూసింది.

"నువ్వే చెప్పాలమ్మా. తప్పు నీది కాదు. నేను ఈడనే ఉంటాను," అన్నాడాయన.

ఆమె మొదలుపెట్టింది. ముందు బల్లతో మాట్లాడినట్టు తల వంచుకునే చెప్పింది. డ్రైవరు పేరు దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తింది. ఇన్‌స్పెక్టరు అంతా రాసుకుని, కేసు పెట్టి, సాయంత్రానికల్లా ఆ డ్రైవరును పట్టుకొచ్చాడు.

బస్టాండుకు నడుస్తూ కుప్పన్ గొణిగాడు: "అయ్యా, మీరు ఒక్క అరుపు అరిచి ఉంటే చిటికెలో పనైపోయేది."

"అయ్యేది కుప్పా. రేపు ఇంకో పిల్లకి కష్టమొస్తే అరిచేదానికి ఎవరుంటారు? జనం అధికారి ముందర కూర్చుని, వాళ్ల కష్టం వాళ్లే చెప్పుకోవాల. ఆ ధైర్యం వాళ్లకు రానీకుండా మనం సంపాదించుకున్న మర్యాదంతా వట్టి భయమే."