నలభై ఒకటో సంతకం

పొద్దున్న ఏడయ్యేసరికి కాజాలత్త గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. పక్కన చొక్కాల మూట, ఒళ్ళో చిన్న కత్తెర, పళ్ళ మధ్య దారం కొస. ఇప్పుడు కాజాలు తీయడానికి మిషన్లున్నాయి. అయినా మంచి చొక్కా అనుకున్నది మాత్రం ఆవిడ చేతికే వస్తుంది. గుర్తు గోరంత పక్కకి జరిగినా ఆవిడ కుట్టదు. "గుర్తు పెట్టినవాడికి కళ్ళు లేకపోతే నాకున్నాయని చెప్పు," అని మూట మూటంతా తిప్పి పంపిస్తుంది. దర్జీలు తిట్టుకుంటారు, సరిచేసి మళ్ళీ పంపుతారు.

ఎదురుగా ఇస్త్రీ ఆవిడ బల్ల. ఇద్దరి మధ్యా పన్నెండు అడుగుల వీధి, ఒక దీపస్తంభం, పంతొమ్మిదేళ్ళ పగ. పగకి కారణం ఒక తెల్లచొక్కా. అది ఇస్త్రీలో కాజా దగ్గర మాడింది. "దారం నాసిరకం, అందుకే మాడింది," అంది ఇస్త్రీ ఆవిడ. అంతే. అంతవరకు వదినా వదినా అనుకున్నవాళ్ళు ఆ రోజుతో మాటలు మానేశారు. చెప్పక తప్పని మాట ఏదైనా ఉంటే స్తంభానికి చెబుతారు.

"స్తంభమా, కొందరి బొగ్గుల పొగ నా తెల్లబట్టల మీద పడుతోంది."

"స్తంభమా, కొందరు గాలిని కూడా రిజిస్టరు చేయించుకున్నారేమో కనుక్కో."

కాజాలత్త సంతకం సంగతి కూడా వీధిలో అందరికీ తెలిసిందే. అది ఎక్కడ పెట్టినా దీపాలు వేసే వేళకి ఇంటికి వచ్చేస్తుంది. అందుకే పోస్టాఫీసు గుమాస్తా పార్సిలు ఇచ్చేటప్పుడు సంతకం పక్కన వేలిముద్ర కూడా వేయించుకుంటాడు. "మీ సంతకానికి ఇంటి మీద బెంగ ఎక్కువండీ," అంటాడు. ఆసుపత్రిలో అయితే ఐదింటి లోపు జిరాక్సు తీసి దాచుకుంటారు. ఒకసారి ఆవిడ ఊరికి వెళ్ళి ఆ రాత్రి రాలేదు. సంతకం వచ్చి, మూసిన కిటికీ దగ్గర తెల్లవారేదాకా కూర్చుని, తిరిగి వెళ్ళి తన కాగితం మీదే పడుకుంది. ఎంత పిలిచినా మళ్ళీ రాలేదు. రోషం ఆవిడదే మరి, ఎక్కడికి పోతుంది?

ఇంట్లో మంచం పైన గోడమీద మొదటి సంతకం ఉంది, బొగ్గుతో రాసింది. వచ్చినవన్నీ వచ్చి అందులో కలిసిపోతాయి. ఎన్ని బయట ఉంటే గోడమీద అంత వెలిసిపోతుంది. అన్నీ వచ్చేస్తే నల్లగా నిగనిగలాడుతుంది.

ఆ బొగ్గు సంతకం రాయించింది మేనల్లుడు. తమ్ముడూ మరదలూ ఒకే ఏడు పోతే, ఆరేళ్ళవాణ్ణి తెచ్చుకుని పెంచింది ఆవిడే. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు బడి నుంచి వచ్చి, మంచం ఎక్కి నిలబడి, అత్త చేయి పట్టుకుని ఆ నాలుగు అక్షరాలు దిద్దించాడు. ఆవిడ చదువు మొదలూ చివరా అదే. ఈ సంగతి వాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ రోజూ కళ్ళద్దాలు పెట్టుకుని గుమ్మంలో పేపరు పట్టుకుంటుంది, వేళకి పేజీ తిప్పుతుంది, "హు, వీళ్ళు మారరు," అంటుంది. ఎవరైనా ఉత్తరం చదివి పెట్టమంటే, "అద్దాలు మార్పించాలమ్మా, చూపు ఆనడం లేదు," అంటుంది. వీధివాళ్ళు నమ్మారు.

మేనల్లుడు ఇప్పుడు వార్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. పోయినసారి పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. ఓడించింది ఈ వీధే. వాడు కాంట్రాక్టు తీసుకుని కట్టించిన మురుగుకాలువ మొదటి వానకే ఇళ్ళలోకి పొంగింది. ఆ వాసన ఎవరూ మర్చిపోలేదు. కాజాలత్త మాత్రం, "సిమెంటు తప్పు, వాడిది కాదు," అంటూ వచ్చింది. ఈసారి నామినేషన్ కాగితం మీద వాణ్ణి ప్రతిపాదించింది కూడా ఆవిడే. ఆ సంతకం ఇంటికి వచ్చేయకుండా వాడు పైన గాజులాంటి టేపు అంటించాడు. ఆవిడకి ప్రాణం చివుక్కుమంది. అయినా, "పోనీలే, వాడి మంచికేగా, కొన్నాళ్ళు అక్కడే ఉంటుంది," అనుకుంది. గోడమీద ఒక్క పిసరు రంగు తగ్గింది.

తర్వాత వారం వాడు మళ్ళీ వచ్చాడు. చంకలో కాగితాల కట్ట.

"అత్తా, వీధికి మంచినీళ్ళ కుళాయిలు. ఇంటికొక అర్జీ. నలభై ఇళ్ళు, నలభై కాగితాలు. నీ సంతకం ఉంటే దానికో విలువ."

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. మొదటి కాగితం మీద వేలితో వరస వరసా నడిచింది. చదివి చెప్పమని నోటిదాకా వచ్చింది. వాకిట్లో వాడి వెంట వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు, వింటున్నారు.

"ఈ గీత వంకరగా కొట్టారేమిట్రా?" అంది గట్టిగా.

"ప్రెస్సువాళ్ళ తప్పత్తా."

"చెప్పు వాళ్ళకి." అని నలభై సంతకాలూ పెట్టింది. మొదటిదానికీ చివరిదానికీ వెంట్రుకంత తేడా లేదు.

ఆ సాయంత్రం ఒక్కటీ ఇంటికి రాలేదు. కిటికీ తెరిచి పెట్టి కూర్చుంది. మర్నాడూ అంతే. గోడమీద అక్షరాలు వెలిసిపోయి, ఉన్నాయా లేవా అన్నట్టు అయ్యాయి. మూడోనాడు పొద్దున్న వీధిలో ఇంటింటికీ ఒక నోటీసు వచ్చింది.

ఇస్త్రీ ఆవిడ నోటీసు పట్టుకుని స్తంభం ముందుకి వచ్చి, వీధంతా వినేలా చదివింది.

"విను స్తంభమా. నేను ఈ చిరునామాలో నివసించడం లేదట. ఓటర్ల జాబితా నుంచి నా పేరు తీసేయాలట. రేపు మూడు గంటలకి ఎన్నికల బోర్డు ముందుకి వచ్చి, ఉన్నానని రుజువు చేసుకోవాలట. అభ్యంతరం పెట్టింది ఎవరో తెలుసా? కాజాలు కుట్టే మహాతల్లి!"

గుమ్మాల్లోంచి జనం వచ్చారు. అందరి చేతుల్లోనూ అదే నోటీసు. ఒక్కరూ తిట్టలేదు. పాలమనిషి గిన్నె నింపకుండా ముందుకి వెళ్ళిపోయాడు. దర్జీ కుర్రాడు వచ్చి, కుట్టిన చొక్కాలూ కుట్టనివీ కలిపి మూటకట్టి పట్టుకుపోయాడు. కాజాలత్త పళ్ళ మధ్య దారం కొస అలాగే ఉండిపోయింది.

బోర్డు కూర్చునేది మున్సిపాలిటీ మేడమీద పొడుగాటి గదిలో. మూడు కుర్చీలు, ఒక ఇనపబీరువా, కీచుమనే ఫ్యాను. మధ్య కుర్చీలో రిటైరైన హెడ్మాస్టరు. పక్కన నిలబడ్డ గుమాస్తా ఏ పని చెప్పినా చెప్పినంతా చేస్తాడు, ఒక్క పిసరు వదలడు. వీధంతా బెంచీల మీద సర్దుకుని కూర్చుంది. కాజాలత్త పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు.

"అమ్మా, ఈ నలభై అభ్యంతరాలూ మీవేనా?" అన్నాడు హెడ్మాస్టరు.

నలభై కాగితాలు బల్లమీద పరిచి ఉన్నాయి. ఒక్కో సంతకం మీద ఒక్కో టేపు ముక్క. టేపు కింద అక్షరాలు చిన్నగా అదురుతున్నాయి.

"సంతకం నాదే."

"చదివే పెట్టారా?"

ఆవిడ నోరు తెరిచేలోపు మేనల్లుడు లేచాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. దాని కాజాలు ఆవిడ కుట్టినవే.

"చదివే పెట్టిందండీ. మా అత్త పేపరు చదవందే కాఫీ తాగదు, వీధిలో ఎవరినైనా అడగండి. చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. ఏం అత్తా?"

అని నవ్వాడు. అప్పుడర్థమైంది ఆవిడకి. సంతకాలు పెట్టించడం ఒక ఎత్తు. ఇది ఇంకో ఎత్తు. నలభై ఇళ్ళ ఓట్లు పోయినా సరే, అత్త ఆ ఒక్కమాట పదిమందిలో ఒప్పుకోదని వాడు లెక్కవేసుకున్నాడు. ఆవిడ రోషాన్ని నమ్ముకుని వచ్చాడు. చిన్నప్పటి నుంచీ చూసినవాడు కదా, కొలత బాగానే తీశాడు.

ఆవిడ లేచి నిలబడింది. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"నాకు చదువు రాదు," అంది. "కుళాయిల అర్జీ అన్నాడు, పెట్టాను. నాకు చదవడం రాదని వాడికి తెలుసు. వాడొక్కడికే తెలుసు."

మేనల్లుడి నవ్వు మొహం మీద అలాగే అతుక్కుని ఉంది.

ఇస్త్రీ ఆవిడ గదిలో స్తంభం కోసం అటూ ఇటూ చూసి, చివరికి బీరువా వైపు తిరిగింది. "విన్నావా బీరువా, వాడొక్కడికేనట! పంతొమ్మిదేళ్ళుగా ఎదురుగా నిలబడి ఇస్త్రీ చేస్తున్నదాన్ని. వారంలో మూడు రోజులు పేపరు తలకిందులుగా పట్టుకుంటే నాకు కనపడదా? ఏనాడైనా ఎవరితోనైనా అన్నానా?"

కాజాలత్త తల తిప్పి ఆవిడ మొహంలోకి చూసింది. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "గుమాస్తా గారూ, ఈవిడ సంతకం మీద టేపున్న కాగితం ఏది ఉన్నా సరే, టేపు తీసేయండి. సంతకాన్ని కట్టేసి ఉంచమని ఏ నిబంధనా లేదు. ఉండేవి ఉంటాయి, పోయేవి పోతాయి."

గుమాస్తా గోటితో ఒక్కొక్కటే ఒలిచాడు. సంతకం లేచి, బట్టలోంచి లాగిన దారంలా ఒకసారి మెలిదిరిగి, కిటికీలోంచి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకొకటి. పాలమనిషిది, దర్జీది, మేడమీది ముసలాయనది. ముప్పై తొమ్మిది వెళ్ళాయి. ఒకటి కదల్లేదు.

గుమాస్తా వంగి పేరు చదివాడు. ఇస్త్రీ ఆవిడది.

"చూశారా!" అన్నాడు మేనల్లుడు. "అది మనసారా పెట్టిందే."

ఇస్త్రీ ఆవిడ పైట కొంగుతో నోటీసు తుడిచి, మడత పెట్టింది.

"అమ్మా," అన్నాడు హెడ్మాస్టరు, "సంతకం ఉన్నంతవరకు అభ్యంతరం ఉన్నట్టే. ఈవిడ ఆ ఇంట్లో ఉంటోందా లేదా, మీరే చెప్పాలి."

"ఉంటోందా అంటే?" కాజాలత్తకి కోపం వచ్చింది. "ఎక్కడికి పోతుంది, నా ప్రాణానికి? రోజూ ఐదున్నరకి బొగ్గులు అంటించి, పొగ నా గుమ్మంలోకి వదులుతుంది. ఆరింటికి దగ్గుతుంది, మూడుసార్లు. మొన్న వానాకాలం పదిరోజులు దగ్గు వినపడలేదు, నాకు నిద్ర పట్టలేదు. ఏడేళ్ళ కిందట, కాలువ పొంగిన రోజు, తన వాకిట్లో బురద నా వాకిట్లోకి ఊడ్చింది. పంతొమ్మిదేళ్ళ కిందట నా దారాన్ని నాసిరకం అంది. నేను ఒక్కటీ మర్చిపోలేదు. ఒక్కరోజు కూడా ఆ ఇంట్లో లేకుండా పోయిందని ఎవడైనా అంటే వాడు అబద్ధాలకోరు!"

కాగితం మీద సంతకం కొస లేచింది. కాసేపు ఆలోచించినట్టు ఆగింది. తర్వాత మెల్లగా, ఇష్టం లేనట్టుగానే, కిటికీ దాటింది.

"ఇరవై ఏళ్ళు రేషన్ కార్డు దాచాను," అంది ఇస్త్రీ ఆవిడ బీరువాతో. "ఇంత రుజువు అందులో కూడా లేదు."

గది ఒక్కసారిగా నవ్వింది. కాజాలత్త నవ్వలేదు.

దీపాలు వేసే వేళకి ఆవిడ మంచం మీద కూర్చుని, కిటికీ తెరిచి, లెక్కపెట్టుకుంది. ముప్పై తొమ్మిదీ వచ్చాయి. ఆఖరిది ఆలస్యంగా, కుంటుకుంటూ వచ్చింది. గోడ నల్లబడింది.

ఇంతలో మేనల్లుడు చెప్పులతోనే లోపలికి వచ్చి, గబగబా కిటికీ మూసి గడియ పెట్టాడు.

"తీయకత్తా. ఆ గుమాస్తా వెధవ బీరువాలో ఉన్న నా నామినేషన్ టేపు కూడా ఒలిచేశాడు. ఏది ఉన్నా సరే అన్నారుగా! గడువు నాలుగింటికే అయిపోయింది, కొత్తది పెట్టడానికి లేదు. రేపు పదింటికి పరిశీలన. ప్రతిపాదించినవాళ్ళ సంతకం లేకపోతే నేను పోటీలోనే లేనట్టు."

"అయితే?"

"ఈ ఒక్క రాత్రి దాన్ని లోపలికి రానీయకు. తిరిగి వెళ్ళి కాగితం మీదే ఉండిపోతుంది. దాని రోషం నీకు తెలుసుగా."

ఆవిడ వాడి చొక్కా వైపు చూసింది. ఆరు కాజాలు. అన్నీ తిన్నగా ఉన్నాయి.

"ఆ కాగితాల్లో ఏముందో నాకెందుకు చదివి చెప్పలేదురా?"

వాడు నేల చూశాడు. "నువ్వు అడగలేదత్తా."

"అవును," అంది ఆవిడ. "అడగలేదు."

కిటికీ రెక్క మీద సన్నగా, దారంతో గీరినట్టు చప్పుడైంది. ఆవిడ లేచింది. వాడు ఆవిడ కుడిచేయి పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర, బొటనవేలు పైకి వచ్చేలా, గోడ దగ్గర అక్షరాలు దిద్దించినప్పుడు పట్టుకున్నట్టే. "అత్తా, నీ చేతుల్లో పెరిగినవాణ్ణి."

ఆవిడ చేయి విడిపించుకోలేదు. ఎడమచేత్తో గడియ తీసింది.

"రా," అంది.

నలభై ఒకటో సంతకం లోపలికి వచ్చింది. వాడి తెల్ల చేతిమడత మీదుగా పాకి, ఎక్కడా మరక పెట్టకుండా, గోడ ఎక్కి మిగిలినవాటిలో కలిసిపోయింది. అక్షరాలు రాసిననాటి కంటే నల్లగా అయ్యాయి. చివరి అక్షరం తోక కొంచెం పైకి లేచి ఉంది. అది ఎనిమిదేళ్ళ చేయి తొందరపడి లాగిన తోక. వాడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

కాజాలత్త చేయి వెనక్కి తీసుకుంది. కిటికీ మూసి, దుప్పటి దులిపి మంచం మీద పరుచుకుంది.

"వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళు," అంది. "ఇంక ఇంటికి రావలసినవాళ్ళెవరూ లేరు."