కొలవని స్క్రూ

సరస్సు ఒడ్డున బోర్డుల షెడ్డు నడిపే మనిషిని అందరూ స్క్రూ అక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ల మీద జారే వేక్‌బోర్డుకు రెండు బూట్లుంటాయి, ఆ బూట్లను పట్టి ఉంచేవి ఎనిమిది స్క్రూలు. విప్పిన స్క్రూ పక్కన కొత్తది పెట్టి పొడవు సరిచూడకుండా ఎవరైనా బిగించారా, ఇక వాళ్ల పని అయినట్టే. ఆవిడ నోట్లో నోరు పెట్టి నెగ్గినవాళ్లు ఇంతవరకూ లేరు.

అలాంటి మనిషి ఆ ఉదయం చెల్లెలి బోర్డును బల్ల మీద బోర్లించి, వేలి కణుపుతో తట్టుకుంటూ వస్తూ ఎడమ బూటు దగ్గర ఆగిపోయింది. అంతదాకా టకటకమన్న బోర్డు అక్కడ మొద్దుగా పలికింది. మళ్లీ తట్టింది. మళ్లీ అదే మోత. అరచేత్తో తడిమితే చిన్న బొబ్బంత ఉబ్బు, దాని చుట్టూ వెంట్రుకవాసి పగులు.

పోయిన వారం అక్కడి స్క్రూ తుప్పు పట్టిందని మార్చింది తనే. డబ్బాలో చేతికి దొరికినదాన్ని తీసి బిగించేసింది. కొలవలేదు. ఊరందరినీ తిట్టే మనిషిని తిట్టడానికి ఆ రోజు షెడ్డులో ఎవరూ లేరు మరి. పొడవెక్కువైన స్క్రూ లోపలి చెక్కను చీల్చుకుంటూ అడుగుదాకా పోయింది. ఆ సందులోంచి వారం రోజులుగా బోర్డు నీళ్లు తాగుతూనే ఉంది. ఇప్పుడు దీని మీద గెంతితే బూటు ఊడొస్తుంది. ఒక కాలు బోర్డులో ఇరుక్కుని, రెండోది గాల్లో ఉంటే మోకాలి గతి ఏమవుతుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పది గంటలకు చెల్లెలు దిగాల్సిన జట్టు ఎంపిక పోటీ. అరగంట కూడా లేదు.

"ఏంటక్కా, దాన్నలా చూస్తున్నావు?" చెల్లెలు లైఫ్ జాకెట్ బిగించుకుంటూ వచ్చింది.

"దీని మీద వెళ్లడానికి లేదే. లోపల నీళ్లు పట్టాయి."

చెల్లెలు నమ్మలేదు. తనూ తట్టి చూసింది. "ఆర్నెల్ల నుంచి దీని మీదే కదా నేర్చుకుంది. గాల్లో రెండు చుట్లు తిరగడం ఇంకోదాని మీద నాకెలా వస్తుంది? అసలిది ఎలా అయింది?"

అక్క నోరు తెరిచింది.

"నా వల్లేనమ్మా," అన్నాడు నాన్న గుమ్మంలోంచి. పడవ నడిపేది ఆయనే. చేతిలో పెట్రోలు డబ్బా అలాగే ఉంది. "ఆదివారం ఆరుతుందని ఎండలో పెట్టి మర్చిపోయాను."

"ఎన్నిసార్లు చెప్పాం నాన్నా? మంచినీళ్లతో కడిగి నీడన నిలబెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాం కదా," అంది చెల్లెలు.

"తప్పే," అని ఆయన తల దించుకున్నాడు.

ఆ క్షణంలో అక్క నిజం చెప్పాల్సింది. కానీ వేరే బోర్డుకు బూట్లు బిగించాల్సిందీ తన చేతులే. అక్క చేతి మీద అనుమానం పెట్టుకుని గాల్లోకి లేస్తే, ఆ అనుమానమే పిల్లని పడేస్తుంది. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంది. అందులో నిజం ఉంది, కానీ తప్పించుకున్నానన్న హాయి కూడా ఉంది. ఆ హాయికి ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడ మీంచి తన పాత బోర్డు దించింది. "ఇది నీదానికంటే నాలుగు వేళ్లు పొడవు. నీ బరువుకి కాస్త పెద్దదే. తిరగడానికి ఆలస్యం చేస్తుంది, దిగేటప్పుడు మాత్రం మెత్తగా దిగుతుంది. ఒక్క చుట్టే తిరుగు, ఆశకు పోకు." ఒక్కో స్క్రూ కొలిచి, ఎనిమిదీ బిగించింది.

చెల్లెలు కాళ్లు పెట్టి చూసుకుంది. "గట్టిగానే ఉన్నాయా?"

"ఉన్నాయి."

ఇంకేం అడగలేదు. అక్క ఉన్నాయంటే ఉన్నాయంతే.

నాన్న పడవ కదిలింది. తాడు బిగిసింది. ఒడ్డున అక్క చెల్లెలి ముఖం చూడలేదు, బూట్లే చూసింది. మొదటి గెంతులో చెల్లెలు ఒక చుట్టు చక్కగా తిరిగి దిగింది. రెండో గెంతులో ఆశ ఆగలేదు. రెండో చుట్టు పూర్తికాకముందే బోర్డు ముక్కు నీళ్లలో దిగబడి పిల్ల పల్టీ కొట్టింది. కాసేపటికి నీళ్లపైన ఒక చెయ్యి లేచింది. బూట్లు రెండూ బోర్డును వదల్లేదు.

జట్టుకు ఐదుగురు. కోచ్ చదివిన జాబితాలో చెల్లెలు ఆరోది.

షెడ్డు మెట్ల మీద తల తుడుచుకుంటూ కూర్చుంది చెల్లెలు. నాన్న వైపు చూడను కూడా చూడలేదు. ఆయన తుడిచిన పడవనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. అక్క నోరు మెదపకపోతే సంగతి అక్కడితో సమసిపోతుంది. అక్క లోపలికి వెళ్లి, చెడిన బోర్డు నుంచి ఆ స్క్రూ విప్పి తెచ్చి, సరైనదాని పక్కన మెట్టు మీద పెట్టింది. తేడా గోరంత.

"ఎండా కాదు, నాన్నా కాదు. నేనే కొలవకుండా బిగించాను."

చెల్లెలు ఆ రెంటినీ చేతిలోకి తీసుకుని చూసింది. "పొద్దున్నే చెప్పొచ్చుగా."

"చెబితే నేను బిగించిన బూట్లలో కాళ్లు పెట్టేదానివా?"

చెల్లెలు పొడవాటి స్క్రూను మెట్టు మీద పెట్టేసింది.

"నేనసలు ఎండలో పెట్టనే లేదు," అన్నాడు నాన్న పడవలోంచి. "ఎండకు చెడితే పైపొర లేస్తుంది కానీ అడుగు ఉబ్బుతుందా? ఆ మాత్రం తెలీదా నాకు? పొద్దున అక్క ముఖం చూడగానే అర్థమైంది."

"మరి తప్పు నీ మీదెందుకు వేసుకున్నావు?"

"నా మీద కోపంతో దిగినా నీకేం కాదు. అక్క చేతి మీద అనుమానంతో దిగకూడదు."

అక్కకు కళ్లనీళ్లు ఆగలేదు. చెల్లెలు లేచి, స్క్రూడ్రైవర్ తీసుకుని, పాత బోర్డు స్క్రూలు ఎనిమిదీ విప్పింది. ఒక్కొక్కటే సరైనదాని పక్కన పెట్టి చూసింది.

"అన్నీ సరిగానే ఉన్నాయి," అంది. స్క్రూడ్రైవర్ అక్క చేతిలో పెట్టింది. "ఇక నుంచి కొలిచేది నేను. నువ్వు బిగించు."